ఎక్స్‌రేలో నొప్పి కనపడదు: ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు

ఎముకల డాక్టర్ ఓపీ గదిలో రోజూ జరిగే సంగతే ఇది. అరవై దాటిన తల్లి కుర్చీలో కూర్చోగానే కూతురు కవర్ విప్పి ఎక్స్‌రేలు, ఎమ్మారై, రక్తపరీక్షల కాగితాలు బల్ల మీద పరుస్తుంది. "గుజ్జు మొత్తం అరిగిపోయిందట సార్, ఆపరేషన్ తప్పదన్నారు" అంటుంది. డాక్టర్ ఫిల్మ్ పక్కన పెట్టి, "అమ్మా, మెట్లు ఎక్కేటప్పుడు ఎక్కువ నొప్పా, దిగేటప్పుడా?" అని అడుగుతారు. తల్లి కూతురి ముఖం చూస్తుంది. కూతురు తల్లి ముఖం చూస్తుంది. నాలుగేళ్లుగా వేధిస్తున్న నొప్పి గురించి ఆ ఇంట్లో ఎవరూ అంత చిన్న ప్రశ్న వేసుకోలేదు.

విరిగిన ఎముక సంగతి వేరు, అక్కడ ఫిల్మే చాలావరకు చెప్పేస్తుంది. ఏళ్ల తరబడి ఉన్న మోకాలి నొప్పి, నడుం నొప్పి విషయంలో మాత్రం ఏ వైద్యం చేయాలన్నది రోగి ఏ పని చేయలేకపోతున్నారన్న దాన్ని బట్టి తేలుతుంది. ఆ సంగతి ఏ స్కానింగ్ సెంటరూ ప్రింట్ తీసి ఇవ్వదు. ఓపీలో డాక్టర్ దగ్గర దొరికేది కొద్ది నిమిషాలే. అందుకే ఫైలు సర్దుకునే ముందు నొప్పి గురించి చెప్పాల్సిన మాటలు సర్దుకోవాలి.

నొప్పిని ఎలా చెప్పాలి

"ఒళ్లంతా నొప్పులు" అంటే డాక్టర్‌కి దారి దొరకదు. నొప్పి ఉన్నచోటును ఒక్క వేలితో చూపించగలిగితే చాలా మేలు. మోకాలి లోపలి అంచున చూపించే వేలు ఒక సంగతి చెబుతుంది. చిప్ప ముందు భాగం మీద పెట్టిన వేలు, అందులోనూ మెట్లు దిగేటప్పుడే నొప్పి ఎక్కువైతే, ఇంకో సంగతి చెబుతుంది. మోకాలు నొప్పి అని వచ్చినవాళ్లలో కొందరికి అసలు జబ్బు తుంటి కీలులో ఉంటుంది. ఈ రెండు చోట్లకూ వెళ్లే నరాలు కొన్ని ఒకటే కావడంతో తుంటిలో పుట్టిన బాధ మోకాలి దగ్గర తెలుస్తుంది. గజ్జల్లో నొప్పి, చెప్పులు తొడుక్కోవడానికి వంగలేకపోవడం లాంటివి ఉంటే అడగకపోయినా చెప్పాలి. ఎదిగే వయసు పిల్లలు మోకాలు నొప్పంటూ కుంటుతుంటే తుంటి కూడా చూపించుకోకుండా ఇంటికి రాకూడదు.

దెబ్బ తగిలిన మోకాలైతే వాపు ఎప్పుడు వచ్చిందన్నది ముఖ్యం. కబడ్డీ ఆడుతూ కాలు మెలిపడి, గంటా రెండు గంటల్లోనే మోకాలు గుండ్రంగా ఉబ్బితే లోపల రక్తం చేరి ఉండొచ్చు. లిగమెంట్, అంటే ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ, తెగడమో, ఎముక చిట్లడమో అయ్యుండే అవకాశం ఎక్కువ. మర్నాటికి మెల్లగా వచ్చిన వాపైతే మెనిస్కస్, అంటే కీలు మధ్యలో మెత్తలా ఉండే పొర, చిరిగిందేమోనని చూస్తారు. నడుస్తుంటే మోకాలు ఉన్నట్టుండి జారిపోయినట్టు అనిపిస్తుందా, మడిచిన కాలు చాపడానికి రాకుండా పట్టేస్తుందా అన్నవీ ఇంటి దగ్గరే గమనించుకుని వెళ్లాల్సినవే.

పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకోవడం చాలామందికి ఉంటుంది. పది, పదిహేను నిమిషాలు అటూ ఇటూ తిరిగితే సర్దుకుంటే అది చాలావరకు అరుగుదల వల్ల వచ్చేది. గంట గడిచినా పిడికిలి బిగించలేకపోవడం, రెండు చేతుల చిన్న కీళ్లూ ఒకేసారి వాచడం అరుగుదల లక్షణాలు కావు. కీళ్లవాతం అయ్యుండొచ్చు. అప్పుడు వెళ్లాల్సింది సర్జన్ దగ్గరికి కాదు, కీళ్లవాతం చూసే రుమటాలజిస్టు దగ్గరికి. కీళ్లవాతానికి మందులు ఎంత త్వరగా మొదలైతే కీళ్లు అంత నిలుస్తాయి. ఈ ఒక్క తేడా తెలియక ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది.

నడుం నొప్పికి వెళ్లేవాళ్లు అది ఎక్కడిదాకా పాకుతుందో చెప్పాలి. పిరుదు దగ్గర ఆగేది వేరు, పిక్క దాటి పాదం వేళ్లదాకా మంటలా, కరెంటు షాక్‌లా దిగేది వేరు. రెండోది నరం నొక్కుకుపోవడం వల్ల కావచ్చు. పెద్దవాళ్లు కొందరు "నాలుగు అడుగులు వేస్తే కాళ్లు బరువెక్కుతాయి, కాసేపు కూర్చుంటే పోతుంది, సైకిల్ తొక్కితే మాత్రం ఏమీ ఉండదు" అంటారు. వినేవాళ్లకు అది వింతగా ఉంటుంది. వెన్నుపూసల మధ్య దారి ఇరుకైనవాళ్లకు ముందుకు వంగినప్పుడు ఆ దారి కాస్త తెరుచుకుంటుంది, సైకిల్ మీద ఒళ్లు అలా వంగే ఉంటుంది. ఆ ఒక్క మాటతో డాక్టర్‌కి సగం దారి దొరుకుతుంది.

పుట్టిపెరిగిన ఊరు కూడా చెప్పాలి. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఎముకలు దెబ్బతినే జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలో, 1937లో. నల్గొండ పల్లెల బాధ అందరికీ తెలిసిందే. ఎన్నో ఏళ్లు ఆ బోరు నీళ్లు తాగి ఇప్పుడు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటున్నవాళ్లకు నడుం, మెడ బిగుసుకుపోతే అక్కడి డాక్టర్‌కి ఆ అనుమానం రాకపోవచ్చు. చికున్‌గున్యా వచ్చి తగ్గినా నెలల తరబడి కీళ్ల నొప్పులు వదలనివాళ్లున్నారు. జ్వరం ఎప్పుడు వచ్చిందో గుర్తుంచుకుని చెప్పాలి.

ఫిల్మ్ చెప్పేదెంత

మోకాలి అరుగుదలను ఎక్స్‌రేలో సున్నా నుంచి నాలుగు గ్రేడ్‌లుగా చెప్పే పద్ధతిని కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు 1957లో ఇచ్చారు. "గ్రేడ్ 4 వచ్చేసింది" అనే మాట అక్కడిదే. నాలుగో గ్రేడ్ ఉండి కూడా రోజూ పొలం వెళ్లొచ్చేవాళ్లు ఉంటారు, రెండో గ్రేడ్‌తోనే మంచం దిగలేనివాళ్లూ ఉంటారు. గ్రేడ్ చూసి భయపడటమూ తప్పే, గ్రేడ్ తక్కువని ఇంట్లోవాళ్లు నొప్పిని కొట్టిపారేయడమూ తప్పే. ఒక చిన్న జాగ్రత్త ఉంది. మోకాలి ఎక్స్‌రే నిలబడి తీయించుకోవాలి. పడుకుని తీస్తే ఒంటి బరువు మోకాలి మీద పడదు కాబట్టి ఎముకల మధ్య ఖాళీ ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

నడుం ఎమ్మారై రిపోర్టు తెచ్చే టెన్షన్ ఇంతకన్నా పెద్దది. అందులో "డిస్క్ బల్జ్", "డీజనరేషన్" అని చదవగానే జీవితం అయిపోయిందనుకుంటారు. 2015లో వచ్చిన ఒక సమీక్షలో నడుం నొప్పి అసలే లేని 3,110 మంది స్కానింగ్‌లను పరిశీలించారు. ఇరవై ఏళ్ల వయసు వాళ్లలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్కుల అరుగుదల కనిపించింది. డిస్క్ బల్జ్ ఇరవై ఏళ్లప్పుడే 30 శాతం మందిలో ఉంది. నొప్పి లేనివాళ్లలోనే ఇలా ఉంటే, నొప్పి ఉన్న మనిషి రిపోర్టులో కనిపించిన బల్జే ఆ నొప్పికి కారణమని కాగితం చూసి ఎవరూ చెప్పలేరు. ఎక్కడ తిమ్మిరి ఉంది, ఏ వేలిలో బలం తగ్గింది అన్నవాటితో ఫిల్మ్ సరిపోలితేనే దానికి అర్థం. డాక్టర్ చూడకముందే సొంతంగా ఎమ్మారై తీయించుకుని వెళితే డబ్బు ఖర్చుతో పాటు అక్కర్లేని భయం కూడా కొనుక్కున్నట్టే.

పాత ఫిల్ములు మాత్రం తప్పకుండా తీసుకెళ్లాలి. రెండేళ్ల కిందటి ఎక్స్‌రే పక్కన ఇప్పటిది పెడితే జబ్బు ఎంత వేగంగా ముదురుతోందో తెలుస్తుంది. ఒక్క ఫిల్మ్‌తో అది తెలియదు.

వేసుకున్న మందులు దాచకూడదు

చాలామంది డాక్టర్ దగ్గర తడబడేది ఇక్కడే. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన సూది మందు, మందుల షాపులో చీటీ లేకుండా కొన్న డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ మాత్రలు, ఎవరో ఇచ్చిన పేరు లేని చూర్ణం. కోప్పడతారేమోనని ఇవి చెప్పరు. ఈ నొప్పి మాత్రలు నెలల తరబడి వేసుకుంటే కడుపులో పుండ్లు పడతాయి, బీపీ పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు, ఒంట్లో నీరు తగ్గిన ఎండాకాలంలో, ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. శ్రీకాకుళం ఉద్దానం లాంటి చోట్ల, కారణం తేలని కిడ్నీ జబ్బు ఇన్ని ఇళ్లను పట్టి పీడిస్తున్నప్పుడు, మోకాళ్ల నొప్పికి అడ్డగోలుగా మాత్రలు మింగడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని ఉంటే ఆ కాగితం ఫైలులో పైనే పెట్టుకోవాలి.

ఒక్క సూదితో "నొప్పి ఎగిరిపోయింది" అంటే అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది. స్టెరాయిడ్ చెడ్డ మందేమీ కాదు, తెలిసినవాళ్లు లెక్క ప్రకారం ఇస్తే ప్రాణం నిలబెడుతుంది. లెక్క లేకుండా వాడితే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోయే జబ్బు కూడా వస్తుంది. మోకాలిలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకుని మూడు నెలలు నిండకముందే కీలు మార్పిడి చేస్తే ఇన్ఫెక్షన్ భయం పెరుగుతుంది కాబట్టి ఆ తేదీ సర్జన్‌కి తెలియాలి. గుండెకు స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి చెప్పాలి. ఎముకల డాక్టర్ దగ్గరికి వెళుతున్నామని ఆ మాత్రలు సొంతంగా మానేయకూడదు.

"గుజ్జు పెంచే" మాత్రల గురించి అడగనివాళ్లుండరు. గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మాత్రలను అమెరికాలో 1,583 మంది మీద పరీక్షించి 2006లో ఫలితాలు ఇచ్చారు. మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి మాత్ర కన్నా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. సొంత రక్తం నుంచే తీసి ఎక్కించే పీఆర్‌పీ ఇంజెక్షన్‌ను ఆస్ట్రేలియాలో 288 మంది మీద ఉప్పునీటి ఇంజెక్షన్‌తో పోల్చి చూశారు. 2021లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం ఏడాది తర్వాత నొప్పిలో గానీ, గుజ్జు పరిమాణంలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. వేలకు వేలు పోసే ముందు "దీనివల్ల నాకు ఏ మార్పు రావాలి, ఎన్నాళ్లలో రావాలి?" అని అడగడం రోగి హక్కు.

దీనికన్నా ఎక్కువ మేలు చేసేవి మందుల షాపులో దొరకవు. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకూ మోకాలి మీద పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో లెక్కగట్టి చూపించారు. తొడ ముందు కండరాన్ని బలపరిచే వ్యాయామాలు రెండు మూడు నెలలు విడవకుండా చేస్తే నొప్పి తగ్గేవాళ్లు చాలామంది. "ఫిజియోథెరపీ చేయించాం, పనిచేయలేదు" అనేవాళ్లలో ఎంతోమంది చేయించింది వారం రోజులు కరెంటు పెట్టించుకోవడమే. ఏ వ్యాయామం, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని వారాలు చేశారో రాసుకుని వెళితే డాక్టర్‌కి నిజం తెలుస్తుంది.

అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడనివి

నడుం నొప్పితో పాటు మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం మొదలైతే అది గంటల మీద పని. ఆలస్యమైతే ఆ నరాలు మళ్లీ కోలుకోకపోవచ్చు. జ్వరంతో పాటు ఒకే కీలు ఎర్రగా కాలిపోతూ వాచినా, చిన్నపిల్లాడు జ్వరంతో ఉండి కాలు కింద పెట్టనన్నా అదే రోజు చూపించాలి. రాత్రుళ్లు ఎక్కువయ్యే వెన్ను నొప్పికి తోడు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నెముక టీబీ కావచ్చు, ఇది మన దగ్గర అరుదేమీ కాదు. బాత్‌రూమ్‌లో జారిపడిన పెద్దావిడ కాలు పొట్టిగా అయి బయటికి తిరిగిపోతే తుంటి విరిగినట్టే. తైలం రాసి చూద్దామని నాలుగు రోజులు మంచాన ఉంచితే పుండ్లు, నిమ్ము, కాళ్లలో రక్తం గడ్డకట్టడం మొదలవుతాయి. అలాంటివాళ్లకు ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ జరగడం మంచిది.

పుత్తూరు కట్టు మాట ఎత్తకుండా తెలుగునాట ఎముకల గురించి మాట్లాడలేం. వెదురు బద్దలు, ఆకు పసరు, కోడిగుడ్డు సొనతో వేసే ఆ కట్టు మీద తరాల నమ్మకం ఉంది. ఆ నమ్మకం ఊరికే రాలేదు. పక్కకు జరగని చిన్న పగుళ్లు కదలకుండా ఉంటే చాలు, అతుక్కుంటాయి. కీలు లోపలికి పోయిన విరుపు, చర్మం చీల్చుకుని ఎముక బయటికొచ్చిన గాయం, పిల్లల మోచేతి దగ్గర విరుపు మాత్రం అలాంటివి కావు. మోచేతి దగ్గర విరిగినప్పుడు కట్టు బిగిసి రక్తం ఆగితే కండరాలు చచ్చి చెయ్యి జీవితాంతం వంకరపోతుంది. ఎవరు వేసిన కట్టైనా, ఆసుపత్రిలో వేసిన పిండికట్టైనా, వేశాక నొప్పి తగ్గకుండా పెరుగుతూ, వేళ్లు కదిపితే ప్రాణం పోతున్నట్టు ఉంటే, వేళ్లు తెల్లబడినా నీలంగా మారినా రాత్రి అని చూడకుండా కట్టు విప్పించాలి. తెల్లారేదాకా ఆగితే కండరం మిగలదు.

ఆపరేషన్ అన్నప్పుడు

మోకాలి మార్పిడి తొందరపెట్టి చేయాల్సిన ఆపరేషన్ కాదు. ఇంత వయసుకు చేయించుకోవాలనీ, ఇంత గ్రేడ్ రాగానే చేయించుకోవాలనీ లేదు. రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి, బజారు దాకా నడవలేకపోవడం, వ్యాయామం, బరువు తగ్గడం, మందులు అన్నీ చూశాక కూడా బతుకు ఇంట్లోనే ఆగిపోవడం ఉంటే అప్పుడు దాని గురించి ఆలోచించాలి. "అలిపిరి మెట్లెక్కాలి" అనేవాళ్లకూ, "నొప్పి లేకుండా నిద్రపడితే చాలు" అనేవాళ్లకూ సర్జన్ ఒకే జవాబు ఇవ్వలేరు. ఏం కోరుకుంటున్నారో ముందే చెప్పాలి. నాట్లు వేసే ఆమెకు, బాసింపట్టు వేసుకుని కింద కూర్చునే పూజారికి ఈ మాట ఇంకా ముఖ్యం. మార్పిడి తర్వాత గొంతుక్కూర్చోవద్దనీ, నేల మీద కూర్చోవడం తగ్గించుకోమనీ చాలామంది సర్జన్లు చెబుతారు. ఇంట్లో వెస్ట్రన్ టాయిలెట్ లేకపోతే ఆపరేషన్‌కి ముందే కట్టించుకోవాలి.

ఈ ఆపరేషన్ ఫలితాలు మంచివే. పెట్టిన కీళ్లలో దాదాపు 82 శాతం పాతికేళ్లు నిలుస్తాయని 2019లో వచ్చిన పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది. అదే సమయంలో ఆపరేషన్ బాగానే జరిగినా ప్రతి ఐదుగురిలో ఒకరి దాకా "అనుకున్నంత లేదు" అంటారని వేర్వేరు దేశాల అనుభవం. ఫిల్మ్‌లో అరుగుదల తక్కువగా ఉండగా తొందరపడి చేయించుకున్నవాళ్లలో ఈ అసంతృప్తి ఎక్కువ. ఇన్ఫెక్షన్ వచ్చేది నూటికి ఒకరిద్దరికే, కానీ వస్తే ఆ మనిషికి అది పెద్ద కష్టం. అందుకే షుగర్ అదుపులో ఉందా, పళ్లలో చీము ఉందా, చర్మం మీద పుండ్లున్నాయా అన్నవి ముందే సరిచేస్తారు. రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించుకుంటే ఖర్చు, సెలవు కలిసొస్తాయి. గుండె జబ్బు ఉన్నవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు ఒంటి మీద భారం కూడా పెరుగుతుంది. ఈ ప్రశ్న గుండె డాక్టర్‌ని కూడా అడగాలి.

అరుగుదల ఉన్న మోకాలికి "కీహోల్‌తో (చిన్న కోతలోంచి సన్నని గొట్టం పంపి) శుభ్రం చేస్తాం" అంటే ఆగి ఆలోచించాలి. 2002లో హ్యూస్టన్‌లో 180 మందిలో కొందరికి నిజంగా ఆ ఆపరేషన్ చేశారు, కొందరికి చర్మం మీద కోతలు పెట్టి ఊరుకున్నారు. రెండేళ్ల పాటు చూస్తే నొప్పిలో తేడా లేదు. లిగమెంట్ తెగిన కుర్రవాడికి ఆ పరికరమే వరం, అరిగిన కీలుకు కాదు.

ఖర్చు అడగడానికి సిగ్గుపడక్కర్లేదు. 2017 ఆగస్టులో మందుల ధరలు నిర్ణయించే కేంద్ర సంస్థ మోకాలి ఇంప్లాంట్లకు, అంటే లోపల పెట్టే కృత్రిమ కీళ్లకు, గరిష్ఠ ధరలు పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు జీఎస్టీ కాకుండా 54,720 రూపాయలు. బిల్లులో ఇంప్లాంట్ ధర, కంపెనీ పేరు, బ్యాచ్ నంబర్ విడిగా చూపాలన్నది కూడా ఆ ఉత్తర్వులోనే ఉంది. ఇంప్లాంట్ ధరకు కట్టడి వచ్చినా గది, సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, ఫిజియోథెరపీ వేరుగా ఉంటాయి కాబట్టి "మొత్తం ప్యాకేజీలో ఏమేం కలుస్తాయి?" అని రాయించుకోవాలి. ప్రభుత్వ పథకం కింద వస్తుందా లేదా అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగితే అక్కడే తేలుతుంది. ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోవడం మొదటి డాక్టర్‌ని అవమానించినట్టు కాదు. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి.

వెళ్లే రోజు పైకి తేలిగ్గా మడవగలిగే వదులు బట్టలు వేసుకోవాలి, నొప్పి లేని కాలు కూడా డాక్టర్ చూస్తారు. కొత్త చెప్పులు కాకుండా రోజూ వేసుకునే పాతవే వేసుకెళ్లాలి, మడమ ఎటువైపు అరిగిందో చూస్తే నడక తెలుస్తుంది. తోడుగా వచ్చేవాళ్లు కూడా మాటకారి అవ్వడం కన్నా రోజూ ఇంట్లో పక్కనే ఉండి చూసేవాళ్లయితే మంచిది.

ఇక ఆపరేషన్ అయి ఇంటికొచ్చేటప్పుడు డిశ్చార్జ్ కాగితాల్లో ఇంప్లాంట్ స్టిక్కర్లు అతికించి ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఏ కంపెనీ, ఏ సైజు, ఏ బ్యాచ్ అన్నది ఆ చిన్న కాగితం మీదే ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ కీలు వదులైతే, అప్పటికి సర్జన్ మారొచ్చు, ఆసుపత్రి మూతపడొచ్చు. కొత్త సర్జన్ మొదట అడిగేది లోపల ఉన్నది ఏ కంపెనీదని. ఆ స్టిక్కర్ ఫోటో ఇంట్లో ఇద్దరు ముగ్గురి ఫోన్లలో ఉంచుకోవాలి.